నాలుగు కుర్చీల ప్రయాణం

ఆ కాగితాల్లో ఎక్కడ చూసినా నాలుగు కుర్చీలే ఉన్నాయని మా ఇంట్లో ముందుగా గమనించింది నేను. గమనించి ఎందుకు ఊరుకున్నాను? వదిన మీద అభిమానంతోనా, ఎవరి గొడవలోనూ తలదూర్చని నా పాత రోగంతోనా? ఇన్నేళ్ళూ ఇన్ని పుస్తకాలు చదివాను గానీ దీనికి జవాబు దొరకలేదు.

వదిన ఒక ట్రావెల్ ఆఫీసులో పనిచేసేది. ఆవిడ బల్ల మీద ఒక కొండ ఫొటో ఉండేది. మెట్లు మెట్లుగా ద్రాక్షతోటలు, నెత్తిన ఎర్రపెంకుల ఊరు. తిండి మీద, వైన్ మీద మక్కువ ఉన్నవాళ్ళని ఆ కొండకి పంపడం ఆవిడ పని. ఏ పూట ఏ తోటలో దిగాలి, ఏ వైన్ పక్కన ఏ చీజ్ పెడతారు, మోకాళ్ళ నొప్పులవాళ్ళు ఏ మలుపులో కాసేపు కూర్చోవచ్చు, అంతా కంఠతా వచ్చు. పదహారేళ్ళలో ఆ కొండ ఎక్కింది లేదు. వైన్ చుక్క నోట్లో పడింది లేదు. "వడ్డించేవాళ్ళకి ఆకలి తెలీదు మరిదీ" అని నవ్వేసేది.

ఇంట్లో భోజనాల బల్లకి నాలుగు కుర్చీలు. అన్నయ్య, అమ్మ, మాతోనే ఉండే పిన్ని, నేను. వదిన వంటింటి గుమ్మం దగ్గర ఎత్తుపీట మీద కూర్చునేది. ఆ పీట వెనకే ఫ్రిజ్. ఎవరికి చల్లటి నీళ్ళు కావాలన్నా లేచి, పీట జరిపి, తలుపు తీసి, మూసి, మళ్ళీ పీట లాక్కోవాలి. ఒకరోజు ఊసుపోక లెక్కపెట్టాను. ఒక్క భోజనంలో పదకొండుసార్లు లేచింది. లెక్కయితే పెట్టాను గానీ, నా నీళ్ళు నేను తెచ్చుకోలేదు.

ఆ ఏడు కొండ మీది తోట యజమానురాలు ఆవిణ్ణి పిలిచింది. పదహారేళ్ళుగా ఇద్దరికీ ఫోన్లోనే స్నేహం. ద్రాక్ష కోతల వేళ వచ్చి వారం రోజులు మా ఇంట్లోనే ఉండు, ఇన్నాళ్ళూ నువ్వు అందరికీ చెప్పిన రుచులు నువ్వూ చూడు అందిట. వదిన ఆ మాట బల్ల దగ్గర చెప్పింది, నిలబడే.

"ఒక్కదానివేనా?" అన్నాడు అన్నయ్య.

"ఒక్కదాన్నే పిలిచిందండీ."

"తాగడానికి కొండెక్కాలటే అమ్మాయ్? కిందయితే పడ్డా దెబ్బ తగలదుగా" అంది అమ్మ. పిన్ని పకపకా నవ్వింది.

"వెళ్ళొద్దని ఎవరన్నారు, వెళ్ళు" అంది మళ్ళీ అమ్మే. "కాకపోతే నా కళ్ళల్లో మందు ఎవరేస్తారు?"

"నేను వేస్తాలే అక్కా."

"నీ చెయ్యా? పోయినసారి ముక్కులో వేశావు."

"కన్నూ ముక్కూ ఎంత దూరమనీ!"

మా ఇంట్లో ఎవరూ వదినని ఏనాడూ వద్దనలేదు. వద్దంటే పోట్లాడొచ్చు. "వెళ్ళు, కాకపోతే" అన్నవాళ్ళతో ఏమని పోట్లాడుతుంది?

మూడోనాటికి అన్నయ్యకి ఉపాయం తట్టింది. "అందరం పోదాం. అందరికీ ప్లాను వేసేదానివి, మనవాళ్ళకి వెయ్యడం నీకు చిటికెలో పని" అన్నాడు, వరమిచ్చినట్టు. వదిన చేతిలో గరిటె గాలిలో అలాగే ఉండిపోయింది.

ఆ రోజు నుంచి సాయంత్రాలు కాగితాలతోనే గడిచాయి. అమ్మకి మెట్లు లేని గది కావాలి, అదీ కొండ మీద. పిన్నికి పులుపు పడదు. అన్నయ్యకి మధ్యాహ్నం రెండింటికి కునుకు తప్పితే సాయంత్రం ఎవరూ పలకరించకూడదు. నేనూ తక్కువ తినలేదు, మంచం పక్కన చదువుకునే దీపం కావాలన్నాను. వదిన అన్నీ రాసుకుంటూ పోయింది. కొండ ఫొటోని ఆఫీసు నుంచి తెచ్చి సొరుగులో బోర్లా పెట్టింది.

ఒక మధ్యాహ్నం అందరూ పడుకున్నారు. వదిన పీట మీద కూర్చుని ఖాళీ బల్లకేసి చూస్తోంది.

"కుర్చీలు ఖాళీయేగా వదినా, ఇటొచ్చి కూర్చోరాదూ?"

"అలవాటు తప్పింది మరిదీ." ఫ్రిజ్ కేసి తల తిప్పి అంది, "కొండ మీద కూడా ఫ్రిజ్ ఉంటుంది కదా."

నేను పుస్తకంలోకి తల దూర్చాను.

వారం తర్వాత ప్లాను నా చేతికిచ్చింది, తప్పులుంటే దిద్దిపెట్టమని. ఎంత ముచ్చటగా ఉందనీ! అమ్మ కళ్ళమందుకి ఊళ్ళోని నర్సు పొద్దున్నా సాయంత్రం వస్తుంది. పిన్నికి తియ్యటి వైన్ వేరే సీసా. రెండింటికి అన్నయ్యని గదికి చేర్చే కారు. నా దీపం కూడా మర్చిపోలేదు. అయితే కారులో సీట్లు నాలుగు. వైన్ రుచి చూసే బల్ల దగ్గర గ్లాసులు నాలుగు. ప్రతి రాత్రి భోజనానికీ కుర్చీలు నాలుగే. మేం దిగే హోటలు కొండకి తూర్పున. పడమట ఉన్న ఆ యజమానురాలి ఇంటి ఊసు గానీ, ఫోన్ నంబరు గానీ ఏ పేజీలోనూ లేదు.

"వదినా, లెక్క తప్పినట్టుంది. అన్నీ నాలుగే ఉన్నాయి."

"ఎన్నుండాలి?"

నేను కాగితాలు మళ్ళీ మొదటి నుంచి తిప్పాను.

"అక్షరాలు దిద్దమన్నాను మరిదీ, కుర్చీలు లెక్కపెట్టమనలేదు" అంది. గొంతు మెత్తగానే ఉంది గానీ కళ్ళల్లో భయం కనిపించింది. నన్ను చూసి భయపడిన మనిషిని నా జన్మలో అదే చూడటం.

ఆదివారం భోజనాల దగ్గర అన్నయ్య ప్లాను పైకి చదివాడు. వదిన నీళ్ళ సీసా కోసం ఫ్రిజ్ తెరిచి, సీసా తీసి కూడా తలుపు మూయకుండా నిలబడింది. అమ్మ వేళ్ళు మడిచింది.

"కుర్చీలు నాలుగన్నావా? నేను, పెద్దాడు, చెల్లి, చిన్నాడు. సరిపోయింది."

"సరిపోయింది" అన్నాడు అన్నయ్య. "పని నీ దగ్గరే నేర్చుకోవాలోయ్!"

ఎవరో ఒకరు ఐదు అంటారని చూశాను. ఆ ఎవరో నేనే కావచ్చు. చల్లగాలి నా పాదాల దాకా వచ్చింది. అప్పుడు వదిన ఫ్రిజ్ మూసింది.

వదిన ఆఫీసులో ఒక పద్ధతి. పెద్దవాళ్ళున్న బృందం వెళ్తుంటే ఆఫీసు మనిషి ఒకరోజు ముందే వెళ్ళి మంచాలు, కుళాయిలు చూసుకోవాలి. అందుకని ఆవిడ "నేను ముందు రోజు బయల్దేరతాను" అంటే ఎవరూ రెండో మాట అడగలేదు. "కుళాయిలో వేణ్ణీళ్ళొస్తున్నాయో లేదో చూడవే" అని మాత్రం అంది అమ్మ.

ఆ ముందు రోజు మూడింటికి హాల్లో స్వెటర్ల తగువు జరుగుతోంది. పిన్ని స్వెటరు అమ్మ పెట్టెలో దొరికింది. అన్నయ్య ఇద్దరికీ న్యాయం చెప్పబోయి ఇద్దరితోనూ తిట్లు తింటున్నాడు. నేను వీధి తలుపు పక్కన పుస్తకం పట్టుకుని కూర్చున్నాను.

వదిన వంటింట్లోంచి వచ్చింది. ఎత్తుపీటని తీసుకెళ్ళి దూరంగా గోడకి ఆనించింది. ఫ్రిజ్ తలుపు ఒకసారి తీసి చూసింది. దేనికీ తగలకుండా పూర్తిగా తెరుచుకుంది. మూసి, చిన్న సంచీ భుజాన వేసుకుంది.

"అమ్మాయ్, కాసిని నీళ్ళు" అని కేకేసింది అమ్మ, స్వెటరు వదలకుండానే.

వదిన నా పక్కనుంచే గడప దాటింది. గుమ్మం దాటే ప్రతిసారీ, చివరికి వీధి చివర కొట్టుకి వెళ్ళినా, వెళ్ళొస్తాను అనే మనిషి. ఆ రోజు అనలేదు.