సెట్టు వేడెక్కేదాకా

1979లో ఆదోనిలో నాకు రేడియోలు, మైకు సెట్లు బాగుచేసే షాపు ఉండేది. ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్లు మా వైపు అప్పుడప్పుడే వస్తున్నాయి. ఆంప్లిఫయరంటే మైకులో పడిన గొంతును పెంచి హారన్లకు పంపే పెట్టె. పాత రకంలో గాజు వాల్వులుండేవి. స్విచ్ వేశాక అవి ఎర్రబడి వేడెక్కితేగాని శబ్దం వచ్చేది కాదు. కొత్తదానికి ఆ జంజాటం లేదు. నాకు దానిమీద వల్లమాలిన మోజు. ఎవరడిగినా అదే కొనమనేవాణ్ణి.

అలా ఒక పత్తి మండీలో వాల్వు సెట్టు తీయించి ట్రాన్సిస్టర్‌ది పెట్టించాను. అక్కడ మైకులో వేలం వివరాలు చెప్పేది ఖాదర్ సాబ్. ఎంత పనున్నా ఆగి వినాలనిపించే గొంతు ఆయనది. వారం తిరక్కుండా నా షాపుకొచ్చాడు.

"పాతదే పెట్టప్పా."

ఎందుకని అడిగితే చెప్పడు. నేను కొత్తదాని గొప్పలన్నీ ఏకరువు పెట్టాను. చివరికి తల వంచుకుని, "షావుకారు ఇంకొకర్ని సూస్తాండాడు. ఇరవై ఏండ్ల పని పోతాది" అన్నాడు.

సెట్టులో లోపమేమోనని మర్నాడు పొద్దున టెస్టర్ పట్టుకుని మండీకి వెళ్లాను. ఖాదర్ సాబ్ స్విచ్ వేసి మైకు అందుకున్నాడు. "పె... పె... పెద్ద..." హారన్లు ఆ తడబాటును మండీ అంతా చాటాయి. రైతులు నవ్వారు. పెద్దకడుబూరు అని సరుకొచ్చిన ఊరి పేరు పూర్తిచేసేసరికి ఆయన చెమటతో తడిసిపోయాడు.

ఆయనకు నత్తి ఉందని నాకప్పుడే తెలిసింది. మొదటి మాటే కష్టం. అది దాటితే ఆ పూటంతా గుక్కతిప్పుకోకుండా చెప్పేవాడు. ఇన్నాళ్లూ వాల్వులు వేడెక్కేలోపు, మూగ మైకు ముందు నిలబడి ఆ మొదటి మాటతో కుస్తీ పట్టేవాడన్నమాట. ఆ అరనిమిషాన్ని నేను ఊడబీకాను. నిజంగా సిగ్గేసింది.

ఆ రోజే మైకు కింద చిన్న మీట బిగించాను. నొక్కితేనే గొంతు బయటికెళ్తుంది. ఆయన మొదటి మాటను నాలుగుసార్లు తనలో తాను అనుకుని, అప్పుడు నొక్కాడు. "పెద్దకడుబూరు" ఖంగున మోగింది. ఎవరూ నవ్వలేదు.

"నాకు ముందే చెప్పకూడదా అన్నా?" అన్నాను.

"ఆ మాట సెప్పేకి గూడా వేడెక్కల్ల గదప్పా" అని ఖాదర్ సాబ్ హాయిగా నవ్వాడు.

ఒంట్లో ఓపిక ఉన్నంతకాలం ఆయన ఆ మండీలోనే పనిచేశాడు. ఆ తర్వాత ఆంప్లిఫయర్ కోసం ఎవరొచ్చినా, ఏది మంచిదని వాళ్లు అడిగేలోపే, మాట్లాడేది ఎవరని నేనే అడిగేవాణ్ణి.