మచ్చలేని ఊళ్ళో ఒక్క మచ్చ

"ఆ తప్పు నాదే మేష్టారూ, బోర్డు మీద రాసేయండి."

నసీం మేష్టారు సుద్దముక్క పట్టుకుని వెనక్కి తిరిగి చూశారు. ఊరి సభ మొదలై రెండు నిమిషాలు కాలేదు. ఏం పోయిందో, ఎవరు పోగొట్టారో ఇంకా ఒక్క ముక్కా బయటికి రాలేదు.

"ఏ తప్పు బాబాయ్?"

"మీరిప్పుడు అడగబోయేది."

అంటూనే బఖూమ్ బాబాయి మోకాళ్ళ మీదికి దిగి, అరచేతులు నేలకానించి, నుదురు మట్టికి తాకించాడు. మతానియా అంటారు దాన్ని. ఎదుటి మనిషిని క్షమాపణ అడిగే పద్ధతి. అందరూ పండక్కో, గొడవకో ఒకసారి పెడతారు. బాబాయి రోజుకి పది పెడతాడు, అరవయ్యారేళ్ళ మోకాళ్ళు చిటపటమంటున్నా సరే. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునేవాడు ఏ ఊళ్ళోనైనా ఉంటాడు. ఈయన గుమ్మడి విత్తనం నాటిననాడే తడుముకునే రకం.

ఆ రోజు పోయింది ట్రాక్టరు తాళంచెవి. మేష్టారు నిట్టూర్చి బోర్డు మీద బఖూమ్ పేరు పక్కన ఇంకో గీత గీశారు. అది ముప్పై నాలుగోది.

ఊరి పేరు ఫిర్దౌస్, అంటే స్వర్గవనం. ఆ పేరు పెట్టింది మేష్టారే. మిన్యాలో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పి, పరలోకం కోసం చచ్చేదాకా ఆగడం దేనికనిపించి, పదిహేడు కోప్తు క్రైస్తవ కుటుంబాలను వెంటేసుకుని ఎడారిలో కొత్త నేల మీదికి వచ్చారు. అపొస్తలుల కాలంలో లాగా అంతా ఉమ్మడి. తలుపులకు తాళాల్లేవు, మాటల్లో అబద్ధాల్లేవు. మూడు తప్పులు చేసిన కుటుంబం పరుపులు చుట్టుకుని ఊరు విడవాలి. ఈ చివరి నియమం విన్నప్పుడు ఊరి గురువు అబూనా బిసంతి గడ్డం నిమురుకుంటూ, "అయితే మనిద్దరం ముందే ఒక బండి మాట్లాడి పెట్టుకుందాం మేష్టారూ" అన్నాడు. మేష్టారు నవ్వలేదు.

లెక్క ప్రకారం బఖూమ్ బాబాయిని ఈపాటికి పదకొండుసార్లు వెళ్ళగొట్టాలి. కానీ ఆయన వెళ్తే గుడికి రొట్టె ఎవరు కాలుస్తారు? కీర్తనలు చదువుకుంటూ, ఒక్క పగులు లేకుండా, ఆరాధనలో అర్పించే కుర్బాన్ రొట్టె కాల్చడం ఆ చుట్టుపక్కల ఆయనకే చేతనవును. ఐదు రొట్టెలు పళ్ళెంలో పెట్టి తెస్తే అబూనా తిప్పి తిప్పి చూసి, మచ్చలేనిది ఒకటి బలిపీఠానికి ఎంచుకుంటాడు. ఆ ఎంపిక చూసినప్పుడల్లా మేష్టారికి ఒళ్ళు పులకరించేది. ఊరు కూడా అలా ఉండాలి అన్నారొకసారి. అబూనా ఒప్పుకున్నాడు. "కానీ తక్కిన నాలుగూ పారెయ్యం కదా మేష్టారూ. పంచుకు తింటాం" అన్నాడు.

అలా రొట్టె పుణ్యాన బాబాయి నిలిచాడు, గీతలు పెరిగాయి. టమాటా నారు నీట మునిగితే నాదే అన్నాడు. ఉమ్మడి వంటింట్లో తేనె జాడీ ఖాళీ అయితే నాదే అన్నాడు, ఆయనకు తేనె పడదని ఊరంతటికీ తెలిసినా. వేసవి ఇసకగాలికి గుడి రేకు ఎగిరిపోయిన రోజు కూడా ముందుకొచ్చి మోకాళ్ళు వంచాడు.

"గాలి వీస్తే నీ తప్పేమిటి బాబాయ్?" అన్నారు మేష్టారు, ఓపిక పట్టి.

"పొద్దున గాలి లేదని విసుక్కున్నాను."

ఇంతలో కబురొచ్చింది. గుడి ప్రతిష్ఠకు పదిరోజుల్లో బిషప్పు గారు వస్తున్నారట. మేష్టారు బోర్డు ముందు కూర్చుని లెక్క వేశారు. ఏడాదిగా ఊళ్ళో పడిన గీతలు ముప్పై నాలుగు. అందులో బఖూమ్‌వి ముప్పై నాలుగు. ఆయన్ని తీసేస్తే మిగిలేది సున్నా. లెక్కల మేష్టారికి సున్నా అంత ముద్దొచ్చే అంకె ఇంకోటి లేదు.

బాబాయిని కొన్నాళ్ళు మల్లవీలో చెల్లెలింటికి పంపాలని, గుడి రొట్టె అక్కణ్ణించే బస్సులో తెప్పించుకోవచ్చని తీర్మానించారు. నొప్పించకుండా చెప్పాలని మేష్టారు రెండు రోజులు మాటలు కూర్చుకున్నారు. తీరా నోరు తెరిచేసరికి బాబాయి అప్పటికే నేల మీద ఉన్నాడు. "అడిగించుకునేదాకా ఉండటం నాదే తప్పు" అని, సంచి భుజాన వేసుకుని బస్సెక్కాడు.

మొదటి రోజు ఫిర్దౌస్ నిజంగా స్వర్గంలాగే ఉంది. రెండోరోజు తెల్లారేసరికి ఉల్లితోట చెరువై కూర్చుంది. ఎవరో నీళ్ళ వాల్వు కట్టకుండా పోయారు. కోతకొచ్చిన ఉల్లి అంతా మురిగిపోయేలా ఉంది.

సభ కూర్చుంది. మేష్టారు సుద్దముక్క పట్టుకున్నారు. అలవాటు చొప్పున అందరూ బఖూమ్ కూర్చునే మూలకేసి చూశారు. అక్కడ ఖాళీ చాప ఉంది. ఒకడు నేను కాదన్నాడు. పక్కవాడు నేనూ కాదన్నాడు. "కాదు" అనే మాట గది చుట్టూ తిరిగి షఫీకా దగ్గర ఆగింది. ఆమె ముగ్గురు పిల్లల తల్లి, వితంతువు. నిన్న తోటకి నీళ్ళు పెట్టే వంతు ఆమెది. పైగా రెండేళ్ళ కిందట, ఊరు పెట్టిన కొత్తలో పడిన రెండు పాత గీతలు ఆమె పేరున ఉన్నాయి.

"నేను కట్టేసే వచ్చాను" అంది షఫీకా. అందరూ బోర్డు మీది ఆ రెండు గీతలకేసి చూశారు. "నమ్మకపోతే పోనీ లెండి. పరుపులు చుట్టుకుంటాను" అంది.

అప్పుడు మేష్టారికి గుర్తొచ్చింది. షఫీకా వెళ్ళాక సాయంత్రం ప్రార్థనకి పోతూ ఆ వాల్వు తిప్పి కాళ్ళు కడుక్కున్నది తనే. కట్టిన గుర్తు లేదు. తీర్పు శుక్రవారానికి వాయిదా అని గొణిగి, మర్నాడు మొదటి బస్సుకి మల్లవీ వెళ్ళారు.

బాబాయి చెల్లెలు తఫీదా, అన్న మేడ మీదున్నాడని చెప్పింది. పావురాల గూటి పక్కన, పిండి ముద్దలు ఎండలో పొంగడానికి పెడుతున్నాడు.

"ఊళ్ళో ఏం పోయింది మేష్టారూ?"

"ఉల్లితోట."

"నాదే, రాసేయండి."

"నువ్వు మల్లవీలో ఉన్నావు కదా బాబాయ్."

బాబాయి నిజాయితీగా ఆలోచించాడు. "దూరమే. ఎట్లా చేశానంటే నమ్ముతారంటారు?"

మేష్టారు వచ్చింది సరిగ్గా అందుకే. నువ్వొచ్చి నాదే అనెయ్యి, అలవాటే కదా అని అడగడానికి. బస్సులో ఆ మాట చక్కగా అమరింది. కానీ నోట్లోంచి ఇంకోటి వచ్చింది. "షఫీకా మూటలు కట్టుకుంటోంది."

పిండిలో చేతులు ఆగిపోయాయి. "వాల్వు ఎవరు తిప్పారు?"

పావురాలు గురగురమంటున్నాయి. మేష్టారు చెప్పులు విప్పి, ఒక మోకాలు వంచి, రెండోది ఎలా దించాలో తెలీక గోడ పట్టుకుని, చివరికి నుదురు నేలకు తాకించారు. లేచేసరికి ముఖం నిండా పిండి.

"నేనే."

"టమాటా నారప్పుడు కూడా మీరే" అన్నాడు బాబాయి మెల్లగా. "చెప్పులు వాల్వు దగ్గరే మరిచిపోయారు. నేనే తెచ్చి మీ గుమ్మంలో పెట్టాను."

మరి ఎందుకు చెప్పలేదని అడిగారు మేష్టారు.

"మూడుకి మనిషిని పంపేస్తుంటే రెండేళ్ళకి ఊళ్ళో మీరూ ఉండరు మేష్టారూ. తిలాపాపం తలా పిడికెడు. ఖాళీ ఊరికి మచ్చ ఉండదు, నిజమే. మరి రొట్టె ఎవరు తింటారు? పరలోకం దేవుడు దించినప్పుడు దిగుతుంది. అందాకా జనం చెదిరిపోకుండా ఉండాలి కదా."

"అయితే ఆ ముప్పై నాలుగులో నీవి ఎన్ని?"

"ఒక్కటీ లేదు." బాబాయి గూటివైపు తిరిగి, లేని దుమ్ము దులిపాడు. "నేను చేసింది మీ బోర్డు మీద లేదు."

"ఏం చేశావు?"

"పెద్ద ఉపవాసం ఐదో వారంలో, ఊరంతా చిక్కుళ్ళు తింటుంటే, అబూనా గారి కోడిపుంజుని పులుసు పెట్టుకు తిన్నాను. ఆయన నక్క ఎత్తుకుపోయిందనుకుని, పాపం ఆ నక్క బుద్ధి మారాలని ప్రార్థన కూడా చేశాడు. శనివారం శనివారం పాపాలు ఒప్పుకోవాల్సింది ఆయన దగ్గరే. అన్నీ చెబుతాను. దీని దగ్గరికొచ్చేసరికి దగ్గొస్తుంది. చెయ్యనివైతే ఎన్నయినా చెప్పగలను మేష్టారూ, చేసింది చెప్పడమే కష్టం."

మిన్యా వదిలి వచ్చాక మొదటిసారి మేష్టారు నవ్వారు. పిండి రాలేలా నవ్వారు.

బాబాయి చేతులు కడుక్కుని, మేష్టారి చెప్పులు తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టాడు.

"మీరు పన్నెండింటి బస్సుకి వెళ్ళండి. ముందు షఫీకా మూటలు విప్పించండి. తర్వాత అందరి ముందూ మీది చెప్పండి. అప్పటికి అబూనా ఎలాగూ ఎదురుగానే ఉంటాడు కదా, ఆ కోడి సంగతి కూడా కాస్త ఆయన చెవిన వెయ్యండి. కోపం తగ్గాక, నేను సాయంత్రం బస్సుకి వస్తాను."