ముట్టుకోకూడని గాలం

మా బాబాయికి ప్రపంచంలో ఒకే ఒక్క నియమం తెలుసు: చేప పడ్డాక గాలాన్ని రెండో మనిషి ముట్టుకోకూడదు. నడిసముద్రంలో పెద్ద చేపల వేటకు జనాన్ని తీసుకువెళ్ళే పడవ ఆయనది. ఇంకో చెయ్యి తగిలితే ఆ చేప పట్టినవారిది కాదని వేటగాళ్ళ కట్టుబాటు. మిగతావాళ్ళు దాన్ని సముద్రం మీద పాటిస్తారు. బాబాయి ఇంట్లోనూ పాటిస్తాడు. పిన్ని సూదిలో దారం ఎక్కక అవస్థ పడుతుంటే పక్కన నిలబడి చూస్తాడు.

"కాస్త ఎక్కించి పెట్టొచ్చుగా!"

"నేనెక్కిస్తే కుట్టు నీదెలా అవుతుందే?"

"కుట్టు నాదే, చొక్కా నీది!"

మొండితనానికి తత్వమని పేరు పెట్టుకున్నవారిని చాలామందిని చదివాను కనుక, బాబాయిని మెచ్చుకోవడానికి నేను తొందరపడలేదు.

జబ్బు చేసి కుడిచేతి పట్టు తగ్గాక మా అక్క ఒక్కటే కోరింది: ఒక పెద్ద చేపను తనంతట తాను పడవ దాకా తేవాలని. ఇంట్లో ఆ చేతికి పనే లేదు. జడ వెయ్యడం, బొత్తాలు పెట్టడం, అన్నీ అడక్కుండానే బావ చేసేస్తాడు.

మేమంతా బాబాయి పడవెక్కిన రోజు ఆమె గాలానికి కొమ్ముకోనం చేప పడింది. ఈటెలాంటి ముక్కుతో నీళ్ళు చీల్చుకుని, మనిషిని మించిన పొడవున గాల్లోకి లేచింది. పడవలో వేటకోసం బిగించిన కుర్చీలో అక్క నడుం పట్టీల మధ్య ముందుకు వంగిపోయింది. బావ ఒక్క గెంతు గెంతాడు.

"ముట్టుకోకు!"

"నా పెళ్ళాం, మావయ్యా!"

"పెళ్ళాం నీదే. చేప తనది. చెయ్యి వేశావో, నిన్ను నీళ్ళలోకి దించుతా."

"చెయ్యి లాగేస్తోంది బాబాయ్," అంది అక్క. "వదిలెయ్యనా?"

"నీ చేప, నీ ఇష్టం."

అలా అని ఆయన చుక్కాని పట్టుకున్నాడు. పడవ నడపడానికి కట్టుబాటు అడ్డు రాదు. చేప దూరం పరిగెడితే పడవను దాని వెనకే నడిపి, అక్క ఎడమచేత్తో చుట్టుకోగలిగినంత దారం వదులు చేసేవాడు. ఆమె ఊపిరి తీసుకునేదాకా ఆగేవాడు. గాలం జోలికి పోకుండా పడవంత సాయం చేస్తూ, పైకి మాత్రం బావను తిడుతూనే ఉన్నాడు. ఇంత మర్యాదగల సాయం గురించి నేను ఏ గ్రంథంలోనూ చదవలేదు.

ఎండ వాలేసరికి చేప పడవ పక్కకు వచ్చింది. అక్క దాని వీపు నిమిరింది. నోట్లోని గాలపు ముల్లు తప్పించగానే అది నీలంగా మెరిసి లోతుకు జారిపోయింది.

"నేనే తెచ్చాను కదూ, బాబాయ్?"

"మరింకెవరు? మీ ఆయన అరుపులకు వచ్చిందనుకున్నావా?"

అక్క నవ్వి, నీళ్ళ సీసా బావ ముందుకు చాపింది. "ఈ మూత మాత్రం నువ్వే తియ్యి."

జబ్బు చేశాక ఆమె తనంతట తాను అడిగిన మొదటి సాయం అది. కానీ ఇంకా కంగారు తగ్గని బావ దాన్ని రెండో వైపుకు తిప్పి బిగిస్తున్నాడు, మూత కదల్లేదు. బాబాయి ఓపిగ్గా సముద్రం వైపు చూస్తూ నిలబడ్డాడు.