మెయిన్ దగ్గర ఎవరు నిలబడినారు?

మా పాప పోయిన కబురు మా ఊరు ఐరాలకు ఫోనులో వచ్చింది. తిరుపతిలో తను చదివే కాలేజీ వాళ్లు చేశారు. "కరెంటు కొట్టింది" అన్నారు. నేను ఏడవక ముందే, "కొంచెం అజాగ్రత్తగా ఉండిందమ్మా" అని కూడా అన్నారు. ఆ మాట నేను ఒప్పుకోను. అందుకే మీ పేపరుకు రాస్తున్నాను.

పాప వాళ్ల నాయన బావిలోకి దిగి మోటారు విప్పితే, పైన స్టార్టర్ డబ్బా దగ్గర ఒకరు నిలబడాలి, ఎవరూ తెలియక నొక్కకుండా. అది మా ఇంటి కట్టుబాటు. చిన్నప్పటి నుంచీ ఆ కాపలా పాపదే. సంగటి చల్లారిపోతోందని నేను కేకేసినా కదిలేది కాదు. "నాయన పైకొచ్చినంక వస్తా, పో మా" అనేది.

పెద్దదై మోటార్ల మీదే పరిశోధన చేసింది. ఏం చేస్తావే అని ఒకసారి అడిగాను.

"మోటారు ఇంకో క్షణానికి ఏం చేస్తాదో ముందే లెక్కగడతాం మా. అది అదరకుండా తిరిగేదానికి ఎంత సరిపోతాదో అంత కరెంటే ఇస్తాం. మళ్లీ చూసి, మళ్లీ లెక్కగడతాం."

"అంత ముందుచూపు ఉండేదానివి, తిరణాలకి ఇంటికి రావాలని లెక్కగట్టలేదేం?"

"నువ్వు తిడతావని గూడా లెక్కగట్టినా. అందుకే రాలే."

ఆ మనిషా అజాగ్రత్త? మోటారుకు కరెంటు పంపే పెట్టెను డ్రైవ్ అంటారట. మెయిన్ స్విచ్చి ఆపి పాప దాన్ని విప్పుకొని కూర్చుంటే, పక్క గదిలో ఎవరో తమకు కరెంటు లేదని వచ్చి మెయిన్ వేశారు. దానికి తాళం పెట్టించమని పాప ఎన్నిసార్లు అడిగిందో. "సూస్తాం సూస్తాం అంటారు మా, సూసేవాళ్లు యాడుండారు" అని నాతోనే విసుక్కుంది.

సంతాప సభలో ఫొటోకు దండ వేశారు. "విధి తల్లీ" అన్నాడు కాలేజీ పెద్దసారు.

"విధి సంగతి దేవుణ్ణి అడుగుతాలే సార్. మెయిన్ దగ్గర మీ మనిషి ఎవరు నిలబడినారు?"

ప్రమాదం గురించి కాలేజీ వాళ్లు రాసిన కాగితంలో ఆ అజాగ్రత్త అనే మాట కొట్టేసేదాకా ఫొటో తీసుకోనన్నాను. ఇంకా కొట్టెయ్యలేదు.

ఆ సభ రోజే, పాపతో కలిసి పరిశోధన చేసిన అమ్మాయి నా చెయ్యి పట్టుకుని పాప పనిచేసిన గదికి తీసుకెళ్లింది. పాప నడిపిన మోటారును నడిపింది. మా బావి మోటారు లేస్తే షెడ్డే అదిరేది. ఇది లేచినట్టే తెలియలేదు. ఆ అమ్మాయి రూపాయి బిళ్లను మోటారు మీద అంచున నిలబెట్టి చెయ్యి తీసేసింది.

"అక్క పని ఇదే మా" అంది.

మోటారు తిరుగుతూనే ఉంది. బిళ్ల పడలేదు.