మా మల్లెతో లంబాడీలో మాట్లాడిన రోజులు

ఆదివారం పొద్దున, మా ఇంటి ఓనరు వరండాలో, చేతులు కట్టుకుని, గొంతు సవరించుకుని, మా తెల్లపిల్లి మల్లెను లంబాడీ భాషలో పిలవబోతున్న క్షణంలో నా ఎనిమిదేళ్ల కూతురు హాసిని నా కొంగు పట్టి లాగింది. "అమ్మా, జర ఆగు. నీకొకటి చెప్పాలె" అంది. కొంప మునగబోతోందని నాకు మొదటిసారి అనిపించింది అప్పుడే. పాలు పొంగే ముందు గిన్నె అంచున ఒక నురగ గీత లేస్తుంది చూడండి, సరిగ్గా అలాంటిదేదో నా గుండెలో లేచింది. తెలివిగల ఆడది అక్కడే స్టవ్ ఆపేస్తుంది. నేను మంట పెంచాను. "తర్వాత చెప్పు బిడ్డా, ఇప్పుడు మల్లెతో మాట్లాడుతున్న" అన్నాను.

ఆ మాట గుర్తుపెట్టుకోండి. నా పరువు పోయింది దానివల్లే.

ముందు నా సంగతి చెప్పాలి. నేను డిగ్రీ చదివాను. దిగులుపడటంలో మాత్రం పీజీ. పిల్లాడు తుమ్మితే థర్మామీటరు తీస్తాను. రెండు రోజులు తుమ్మకపోతే ఎందుకు తుమ్మడం లేదని మళ్లీ థర్మామీటరు తీస్తాను. మా ఆయనది రైల్వేలో పని, ఏ పూట డ్యూటీ పడుతుందో ఆయనకే తెలియదు. డోర్నకల్‌లో కిరాణా హోల్‌సేల్ చేసే ఒక సేటు ఇంట్లో, పైన అద్దెకుంటున్నాం.

మల్లె మా ఇంటికొచ్చింది శాంతి వల్ల. మహబూబాబాద్‌లో డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో మా ఇద్దరిదీ ఒకే గది. వాళ్లది పెద్దవంగర దగ్గర తండా. ఇంట్లో లంబాడీ మాట్లాడుకుంటారు. మొన్న ఎండాకాలం పిల్లల్ని తీసుకుని వాళ్లింటికి పోతే, మంచం కింద మల్లెపువ్వంత తెల్లగా, నీలం కళ్లతో ఒక పిల్లిపిల్ల కనిపించింది. నా పిల్లలు దాన్ని ఒళ్లోకి తీసుకున్నారు, ఇక దించలేదు.

"తీస్కపో. మంచిది, ఎవల జోలికి పోదు. జర నోరు ఎక్కువ, గంతే" అంది శాంతి.

"జర" అనే చిన్న మాటలో అంత చోటుంటుందని నాకు అప్పుడు తెలియదు. మల్లె అరిస్తే అది పిల్లి అరుపులా ఉండదు. పగిలిన బూర ఊదేవాడొకడు, తలుపు సందులో వేలు నలిగినవాడొకడు కలిసి పాట అందుకున్నట్టు ఉంటుంది. డోర్నకల్‌లో ఉండేవాళ్లకు రైలు కూత కొత్త కాదు. కానీ రైలు కూసి వెళ్లిపోతుంది. మల్లె కూసి ఇక్కడే ఉంటుంది. ఆకలేస్తే అరుస్తుంది. తిన్నాక, తిన్నానని చెప్పడానికి అరుస్తుంది.

సేటు మధ్యాహ్నం దుకాణం నుంచి వచ్చి కాసేపు పడుకుంటాడు. నిజానికి ఆ ఇంట్లో అప్పటికే ఒక మైకు ఉంది. ఆయన తల్లి. అందరం అవ్వ అంటాం. అవ్వకు చెవులు బాగా మందగించాయి. ఆమె వంటింట్లో కూర్చుని కోడల్ని ఉప్పు అడిగితే వీధి చివర కొట్టులో పొట్లం కట్టేస్తారు. ఆ గొంతు మధ్య నిద్రపోవడం నేర్చుకున్న మనిషిని కూడా మల్లె లేపింది. ఒకరోజు ఆయన మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"మీరు మంచోళ్లమ్మా. గని ఆదివారం లోపల ఆ పిల్లి నోరన్న మూయాలె, లేకుంటే అదన్న పోవాలె. ఏదో ఒకటి మీరే చూస్కోండ్రి."

తలుపు వెనక నా ఐదేళ్ల కొడుకు బన్ని, మల్లెను బనియన్లో దాచుకుని నిలబడ్డాడు. అది బనియన్లోంచి కూడా అరుస్తోంది. వాడి కళ్లలో నీళ్లు చూశాక, ఏం చేసైనా సరే ఆ పిల్లిని ఇంట్లో ఉంచాలనుకున్నాను.

ఫోన్లో వెతికాను. కొన్ని పిల్లులు ఆకలికి అరుస్తాయట, కొన్ని నొప్పికి, కొన్ని విసుగుకు, కొన్ని మనం బదులిస్తున్నాం కదాని కబుర్లకు. చదువుతుంటే అవన్నీ మల్లెకు ఉన్నాయనిపించింది, కాసేపటికి నాకూ ఉన్నాయనిపించింది. పశువుల దవాఖానకు తీసుకుపోయాను. బయట ఒక బర్రె ఈనడానికి సిద్ధంగా ఉండటంతో డాక్టరు తొందరగా పొట్ట నొక్కి చూసి, "తిండి మంచిగ తింటున్నదా? గట్లయితే ఏం లేదు. కొన్ని పిల్లులు గిట్లనే మాట్లాడ్తయి" అని బర్రె దగ్గరికి పరుగెత్తాడు.

మాట్లాడతాయి. సరే, ఏ భాషలో? దారి పొడుగునా ఆటోలో అదే ఆలోచన. మల్లె పిలిస్తే రాదు. వద్దంటే ఆగదు. పేరు పెట్టి పిలిచినా తల తిప్పదు. అంటే దానికి తెలుగు రాదు. ఎట్లా వస్తుంది, పుట్టింది తండాలో కదా. భాష తెలియని ఊళ్లో మనిషైనా గొంతు పెంచుతాడు. మా అత్తమ్మ బెంగళూరులో ఆటోవాడితో తెలుగులో మాట్లాడి, వాడికి అర్థం కాకపోతే అదే తెలుగు ఇంకా గట్టిగా మాట్లాడింది. మల్లె చేస్తున్నదీ అదే. పరాయి ఊళ్లో పడ్డ ప్రాణి, అరవక ఏం చేస్తుంది?

నవ్వకండి. ఆ మధ్యాహ్నం అది నాకు రెండు రెళ్లు నాలుగంత స్పష్టంగా కనిపించింది. ఇంటికి రాగానే శాంతికి ఫోన్ చేశాను.

"శాంతీ, పిల్లితోని మీరు ఏ భాష మాట్లాడేటోళ్లు?"

"ఏమైందే నీకు, జ్వరం గిట్ల వచ్చిందా?"

"చెప్పు జర."

"మేం మా భాషలనే మాట్లాడ్తం. అది ఏ భాషల ఇంటదో దాన్ని ఎవలడిగిండ్రు?"

"రమ్మనాలంటే ఏమంటరు?"

"ఆవ్. కూసోమనాలంటే బేస్. పాలంటే దూద్." తర్వాత గొంతు మారింది. "ఏమే, హాస్టల్ల మూడేండ్లు నా పక్క మంచం మీద పన్నవు. ఒక్కనాడన్న మా భాష నేర్పుమన్నవా? ఇప్పుడు పిల్లి కోసం నేర్చుకుంటున్నవా?"

ఆ మాట విననట్టే స్పీకర్ పెట్టి ఫోన్‌ను మల్లె కూర్చున్న చెక్కపీట మీద పెట్టాను. అవతల శాంతి వాళ్లమ్మ ఫోన్ అందుకుని లంబాడీలో ప్రేమగా ఏదో మాట్లాడింది. ఆమె గొంతుకు పీట సన్నగా అదిరింది. మల్లె అరుపు ఆపింది. ఫోన్ వైపు చూసింది. మెల్లగా దాని మీద పాదం పెట్టింది. కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల పుట్టింటి గొంతు విన్నట్టుంది. నాకైతే ఏడుపొచ్చింది.

ఇక నన్ను పట్టేవాళ్లు లేరు. వేలు కిందికి చూపిస్తూ "బేస్" అంటే కూర్చుంది. వంగి రెండు చేతులూ ఊపుతూ "ఆవ్" అంటే వచ్చింది. గిన్నె చూపిస్తూ "దూద్" అంటే ఎగురుకుంటూ వచ్చింది. మీకు వేలు, చేతులు, గిన్నె కనిపిస్తున్నాయని నాకు తెలుసు. నాకు మాత్రం భాష ఒక్కటే కనిపించింది. పిల్లలు ఏదో చెప్పాలని వస్తుంటే, "ఆగుండ్రి, మల్లెతో మాట్లాడుతున్న" అని పంపించేదాన్ని. పొద్దస్తమానం దాని ఎదురుగా కూర్చుంటున్నందుకు అరుపులు నిజంగానే కాస్త తగ్గాయి. డ్యూటీ దిగి వచ్చిన మా ఆయన బూట్లు విప్పుతూ నా కథంతా విని, "మరి నాకు అన్నం ఏ భాషల అడగాలె?" అని మాత్రం అన్నాడు.

అంతటితో ఆగినా బాగుండేది. కిందికి పోయి, పిల్లికి భాష సమస్య ఉండేదని, దాన్ని నేను తీర్చేశానని సేటుకు చెప్పాను. ఆయన వ్యాపారి, సరుకు చేత్తో పట్టి చూడనిదే నమ్మడు. ముందు తనే పరీక్ష చేశాడు. రెండు మధ్యాహ్నాలు మంచం మీదనుంచి లేవకుండానే పైకప్పు వైపు చూసి "బేస్, బేస్" అని కేకలు పెట్టాడు. పైనుంచి మల్లె, కిందినుంచి సేటు. వీధిలో వాళ్లు ఆయన ఆరోగ్యం గురించి నన్ను అడిగారు.

"నా మాట ఇంటలేదమ్మా" అన్నాడు.

"మీరు పలికేది సరిగా లేదు" అన్నాను. మూడు మాటల పండితురాలిని కదా.

"అయితే ఆదివారం నా ముంగట చేసి చూపెట్టు. ఇంటే ఉంటది, ఇనకుంటే పోతది."

అలా కుదిరింది ఆ ఆదివారం సభ. సేటు కుర్చీలో, అవ్వ గోడకు ఆనుకుని మెంతికూర తెంపుతూ, నా పిల్లలు మెట్ల దగ్గర. నేను వేలు చూపించి "బేస్" అన్నాను. మల్లె కూర్చుంది. సేటు కళ్లు చిన్నవి చేశాడు. "వేలు చూపెడ్తున్నవ్ కదమ్మా. చేతులు కట్టుకొని పిలువు" అన్నాడు. ఈలోపు మల్లె పిట్టగోడెక్కి, మాకు వీపు పెట్టి ఒక పావురాన్ని చూస్తోంది. నేను చేతులు కట్టుకున్నాను. హాసిని కొంగు లాగింది. నేను దాన్ని తర్వాత చెప్పమన్నాను.

"ఆవ్" అన్నాను. మల్లె కదలలేదు. శాంతి వాళ్లమ్మలా సాగదీసి అన్నాను. బతిమాలాను, బెదిరించాను. తోక కూడా ఊగలేదు. ఆఖరి ప్రయత్నంగా "దూద్, దూద్" అని అరిచాను. గేటు ముందు పోతున్న పాలాయన బండి ఆపి, ఎన్ని లీటర్లని అడిగాడు.

హాసినికి ఓపిక పోయింది. మెట్టు మీదున్న అవ్వ ఇత్తడి బిందెను కాలితో తోసింది.

బిందె మెట్లన్నీ దిగింది. సేటు కుర్చీలోంచి లేచాడు. నేను కెవ్వుమన్నాను. అవ్వ కూడా ఏం పడిందని అడిగింది. పావురం ఎగిరిపోయింది. మల్లె ఒక్కటే, పావురానికి ఉన్నట్టుండి ఏమొచ్చిందా అని ఆశ్చర్యంగా ఆకాశం వైపు చూస్తూ కూర్చుంది.

"మల్లెకు చెవులు ఇనపడయమ్మా" అంది హాసిని.

"నీకెట్ల తెలుసు?"

"వచ్చిన నాడే తెలుసు. ఎనకనుంచి పళ్లెం కొట్టి చూసినం. నీకు రోజు చెప్దామనే వస్తున్నం. నువ్వు మల్లెతో మాట్లాడుతున్న, ఆగుండ్రి అంటున్నవు."

బన్ని నా ముఖంలోకి జాలిగా చూశాడు. "నీకు కూడ ఇనపడదనుకున్నం అమ్మా."

సేటు నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. కానీ వ్యాపారి మాట వ్యాపారి మాటే. చెవిటిదైతే ఇక నోరు మూసే ఆశ లేదని, సాయంత్రంలోగా పంపించమని అన్నాడు. బన్ని మల్లెను పిట్టగోడ మీంచి దించి మళ్లీ బనియన్లో దాచుకున్నాడు. ఏం జరిగిందో అవ్వకు తెలియక, సేటు ఆమె చెవి దగ్గర నోరుపెట్టి అంతా అరిచి చెప్పాల్సి వచ్చింది. అవ్వ మెంతికూర పక్కన పెట్టింది.

"దాని గొంతు దానికి ఇనపడది. గందుకే గట్టిగ ఒర్రుతది. నేను గంతే కదరా. మరి నన్నెప్పుడు పంపిస్తవు?"

ఆ ప్రశ్న వీధి వీధంతా విన్నది. గేటు దగ్గర పాలాయన కూడా జవాబు కోసం ఆగాడు. సేటు కుర్చీ ఎత్తుకుని లోపలికి పోయాడు. మల్లె ఉండిపోయింది. ఇప్పుడు మధ్యాహ్నాలు అవ్వ ఒళ్లోనే ఉంటుంది. ఇద్దరూ గట్టిగా కబుర్లు చెప్పుకుంటారు, ఎవరిదీ ఎవరికీ వినపడదు. సేటు చెవుల్లో దూది పెట్టుకుని పడుకుంటున్నాడు.

నీలం కళ్ల తెల్లపిల్లుల్లో చాలావాటికి పుట్టుకతోనే వినపడదని తర్వాత చదివాను. అన్నీ అయిపోయాక చదవడం నాకు మామూలే. శాంతికి చెబితే బాగా నవ్వి, "నేర్చుకున్న మాటలు ఇడువకు. ఈసారి వచ్చినప్పుడు మా అమ్మతోని మాట్లాడు. ఆమెకు ఇనపడ్తది" అంది.

ఆ ఆదివారం సాయంత్రమే దీపం ముందు నిలబడి ప్రమాణం చేశాను. ఈ జన్మలో మళ్లీ, వెనకనుంచి పళ్లెం కొట్టి చూడకుండా, ఏ నాలుగు కాళ్ల ప్రాణికీ ఏ భాషలోనూ ఉపన్యాసం ఇవ్వను.

తెల్లవారి స్టవ్ ఆపి, పిల్లలిద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పాను: "ఇయ్యాల్టి నుంచి మీకేమన్న చెప్పాలనుంటే నన్ను ఎనకనుంచి పిలువకుండ్రి. ఎదురుగ వచ్చి చెయ్యి ఊపుండ్రి, మల్లెకు చేసినట్టే. అప్పటికీ ఇనకుంటే, బిందె అవ్వ దగ్గర ఉన్నది."