కొరికి వినే గిటార్

కరోనా మాస్కులు అప్పుడప్పుడే దిగుతున్న ఏడాది. మణుగూరులో నా పళ్ల క్లినిక్‌కు పినపాక దగ్గరి గూడెం నుంచి లక్ష్మయ్య అనే యాభై ఏళ్ల రైతు వచ్చాడు. పైవరుస ముందు పన్ను చివర నొక్కు పడింది, లోపల చీము పట్టింది. దారం కొరికే దర్జీలకు అలాంటి నొక్కు చూశాను. పన్ను తీసేసి కట్టుడు పన్ను పెడదామన్నాను. ఆయన కుర్చీలో లేచి కూర్చున్నాడు.

"పన్ను దీస్తే నాకు ఇనవడది మేడమ్."

"చెవుల డాక్టర్ పక్క వీధిలో ఉంటాడు," అన్నాను. నా నోటికి దురుసెక్కువ.

ఆయన నొచ్చుకోలేదు. బయట ఆటోలోంచి బేస్ గిటార్ తెచ్చాడు. పాటకు అడుగున గంభీరంగా మోగే గిటార్ అది. స్పీకర్ లేకపోతే దాని గొంతు పెగలదు. మూతపడిన ఒక ఆర్కెస్ట్రా వాళ్ల దగ్గర కొన్నాడట.

"నాలుగు తీగలే ఉంటే, రెండు తెగినయనుకున్న. గీనికి నాలుగే ఉంటయని మస్తు దినాలకు ఎర్కైంది," అని నవ్వాడు.

నేర్పేవాళ్లు లేరు, స్పీకర్ లేదు. మొదట రేడియో పాటలతో, తర్వాత ఫోన్ పాటలతో, గిటార్ చెక్క అంచును పళ్లతో పట్టుకుని ఏళ్ల తరబడి సాధన చేశాడు.

"మీరు గూడ కొరకుండ్రి," అన్నాడు. స్పిరిట్‌తో తుడిచి కొరికాను. ఆయన తీగ మీటగానే నా తలంతా గుమ్మని మోగింది! చెవికి అందని మోత పంటి గుండా, ఎముకలోంచి లోపలికి చేరుతోంది.

వచ్చే నెల పర్ణశాల ఉత్సవంలో ఆయన మొదటిసారి స్టేజీ ఎక్కాలి. భద్రాచలం కుర్రాళ్ల ఆర్కెస్ట్రాలో బేస్ వాయించేవాడు మానేస్తే, ఈయన్ని ఒక్కసారి చూద్దామన్నారట.

"గిప్పుడు తప్పితే మళ్ల నన్ను ఎవలు పిలుస్తరు మేడమ్?"

ఇక ఆ పన్ను పీకడానికి నాకు చేతులు రాలేదు. రూట్ కెనాల్ చేశాను. అంటే పన్ను లోపల కుళ్లిన నరం తీసి, శుభ్రం చేసి మూసేయడం. పైన తొడిగే క్యాప్ దగ్గర చిక్కొచ్చింది. తెల్ల పింగాణీది కొరికితే పెచ్చులూడుతుంది. లోహపుది ఆగుతుంది కానీ, నవ్వితే అందరికీ కనిపిస్తుంది.

"కనవడితే కనవడనియ్. ఇనవడితే సాలు."

ఉత్సవానికి నేనూ వెళ్లాను, నా క్యాప్ మీద బెంగతోనే. మూడో పాటలో ఆయన పక్కనున్న స్పీకర్ మూగబోయింది. జనానికి బేస్ వినిపిస్తోంది, ఆ డ్రమ్ముల హోరులో ఆయనకే వినిపించడం లేదు. వేళ్లు తడబడ్డాయి. గాయకుడు చిరాగ్గా వెనక్కి తిరిగాడు.

లక్ష్మయ్య గిటార్ పైకెత్తి చెక్క అంచు కరిచాడు. అంతే, పాట కుదుటపడింది. జనం ముందు నవ్వారు, తర్వాత ఈలలు వేశారు, చివరికి లేచి చిందులేశారు.

స్టేజీ దిగి వస్తుంటే లైట్ల కింద ఆ పన్ను తళుక్కుమంది. "ఆగింది మేడమ్!"

"ఆగక చస్తుందా, వేసింది నేను!" అన్నాను కళ్లు తుడుచుకుంటూ.

ఆ ఆర్కెస్ట్రాలో ఇప్పటికీ బేస్ ఆయనదే. నేను మాత్రం అప్పటి నుంచి పన్ను పీకే ముందు ప్రతి ఒక్కరినీ అడుగుతున్నాను, "దీంతో నమలడం కాక ఇంకేం చేస్తారు?" అని. చాలామంది వింతగా చూస్తారు. చూస్తే చూడనీ.