జేబురుమాలు జారని బండ

మా ఆయన "నీ వంటిల్లు, నీ ఇష్టం" అన్న రోజే నాకు అనుమానం రావాల్సింది. పచ్చిమిరపకాయలు కొనేటప్పుడు కూడా పక్కన నిలబడి సలహాలిచ్చే మనిషి, వంటగట్టు మీద వేసే బండ సంగతి మొత్తం నాకే వదిలేశాడంటే లోపల ఏదో ఉందన్నమాటే. కానీ ఆ పూట నేను ఉబ్బిపోయాను. పక్క పోర్షన్ ఆవిడకు వినబడేలా ఆ మాట ఇంకోసారి అనిపించుకున్నాను కూడా.

ఆయన టైలర్. అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో ఒక్క షట్టరు దుకాణం. కోచింగుకు వచ్చే పిల్లలకు ఇంటర్వ్యూ ప్యాంట్లు కుడతాడు. దుకాణంలో బట్ట కత్తిరించే బల్ల ఉంది కానీ, సగం ఇస్త్రీపెట్టెకు, సగం ఇవ్వాల్సిన బట్టల గుట్టకు సరిపోతుంది. అందుకని కత్తిరించే పని ఇంటికొచ్చేది. ఎర్రమంజిల్ దగ్గర మా రెండు గదుల ఇంట్లో బారుగా, చదునుగా ఉండేది నా వంటగట్టు ఒక్కటే.

నేను బియ్యం కడిగి ఇటు తిరిగేసరికి గట్టు మీద నల్ల ప్యాంటు గుడ్డ పరుచుకొని ఉండేది. పోపుల డబ్బా కిటికీ ఎక్కేది, కూరగాయల బుట్ట నేల మీదికి దిగేది. "ఒక్క నిమిషమే" అనేవాడు. ఆ నిమిషం అయ్యేలోపు పప్పు అడుగంటేది. పప్పులో గుండీ వచ్చిన రోజు కూడా ఉంది. "గది ఎవరి షర్టుదో, తీసి పెట్టు" అన్నాడు తప్ప అయ్యో అనలేదు.

పైగా ఎత్తొకటి. పాత కడప బండ వేయించినప్పుడు మేస్త్రీకి ఎత్తు చెప్పింది ఆయనే. ఆయన నిలబడి కత్తెర పట్టుకుంటే చక్కగా సరిపోతుంది. నాకేమో మోచేతులు పైకెత్తితే తప్ప గంటె గిన్నెలోకి దిగదు. అందుకని ఇన్నేళ్లూ చెక్కపీట ఎక్కి వండాను. ఉప్పు కోసం దిగు, మళ్లీ ఎక్కు. పెరుగు కోసం దిగు, మళ్లీ ఎక్కు. మోకాళ్లు నావి కదా, అరిగితే ఎవరికేం?

ఆ కడప బండ పోయిన ఎండాకాలం చట్నీ దంచుతుంటే దానంతటదే నిలువునా చీలింది. నేను కావాలనే చేశానని ఆయన ఇప్పటికీ అంటాడు. అననీ. నాకు మాత్రం ఒకటే పట్టుదల వచ్చింది. ఈసారి ఏ బండ వేసినా అది వంటకే ఉండాలి, నా గట్టు నాకు రావాలి.

పంజాగుట్ట చౌరస్తా ట్రాఫిక్ అంతా దాటుకొని, బోరబండ వైపున్న రాళ్ల దుకాణానికి పోయాం. "రా అక్కా," అన్నాడు దుకాణం ఆయన. "క్వార్ట్జ్ ఉన్నది, గ్రానైట్ ఉన్నది, మార్బుల్ సుత ఉన్నది. మస్తు మాల్ ఉన్నది."

నాకు చూడగానే తెల్ల క్వార్ట్జ్ నచ్చింది. పసుపు పడితే ఎట్లా అని అడిగాను.

"ఎంటనే తుడిస్తే పోతది అక్కా."

"వేడి గిన్నె పెడితే?"

"గట్ల పెట్టొద్దు. కింద ఏదన్న ఏసి పెట్టాలె."

పసుపు పడకుండా, వేడి గిన్నె దించకుండా చేసే వంట ఏదో వాళ్లింట్లో వాళ్లకే తెలియాలి. మార్బుల్ మీద నిమ్మరసం పడితే మచ్చేనట. దానికీ ఒక దండం పెట్టి గ్రానైట్ వైపు నడిచాను.

తిరిగి చూస్తే మా ఆయన నున్నటి నల్ల గ్రానైట్ ముందు నిలబడి ఉన్నాడు. మగ్గాల ఊళ్లో పుట్టిన మనిషి, బట్టను చూసినట్టు వేళ్ల వెనక వైపుతో రాతిని తడుముతున్నాడు. తర్వాత జేబులోంచి రుమాలు తీసి, పడుకోబెట్టి ఉన్న ఒక ముక్క మీద పరిచి, కొస పట్టి లాగాడు. రుమాలు సర్రున జారింది. ఆయన మొహం వెలిగిపోయింది.

"అన్నా, గిది అతుకు లేకుంట ఒక్కటే ముక్క వస్తదా?" అని అడిగాడు. "సింకు జర కొసకు జరిపి, స్టవ్ మూలకు పెడితే నడుమ సాఫ్ ఉంటది గద?"

ఆ అడగడంతో ఆగలేదు. రెండు చేతులూ చాపి, పెదవులు కదుపుతూ బండ మీద ఎవరిదో కోటు గుడ్డ పరిచి చూసుకుంటున్నాడు.

ఓహో! నా వంటిల్లు, నా ఇష్టం! కత్తిరింపు బల్ల కొనుక్కోవడానికి నన్ను వెంటేసుకొచ్చాడు మహానుభావుడు. ఒళ్లు మండిపోయింది. అయినా దుకాణం ఆయన వైపు తిరిగి, "గరుకుగ ఉండే బండలు లేవా?" అని తియ్యగా అడిగాను.

"లెదర్ ఫినిష్ ఉన్నదక్కా. గ్రానైటే గని నున్నగ ఉండది. మచ్చ కనవడది, వేడి గిన్నె పెట్టినా ఫికర్ లేదు."

మా ఆయన చేతిలోంచి రుమాలు లాక్కుని, ఆ గరుకు బండ మీద పరిచి లాగాను. జారలేదు. ఇంకోసారి లాగాను. మధ్యలో పట్టుకుంది.

"ఇదే కావాలె" అన్నాను.

"గరుకున్నదే," అన్నాడు మా ఆయన కంగారుగా. "తుడువనీకి నీకే తక్లీఫ్ అయితది."

"తుడిచేవి నా చేతులు. నీకెందుకయ్యా గంత ఫికర్?"

"గట్ల గాదే, నున్నగుంటే జర..."

"జర ఏంది? బట్ట మంచిగ జారుతదా?"

దుకాణం ఆయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి చాయ్ తెప్పించాడు. ఇలాంటి జంటలను చాలామందినే చూసి ఉంటాడు. చాయ్ తాగుతుండగా, "గట్టు ఎత్తు ఎంత పెట్టాలె?" అన్నాడు.

"ముప్పై ఆరు ఇంచులు" అన్నాడు మా ఆయన, గ్లాసు దించకుండానే.

అది పాత గట్టు ఎత్తే. అప్పటిదాకా గెలిచానని లోలోపల నవ్వుకుంటున్నదాన్ని, నాకు నిజంగా ఏడుపొచ్చింది. రుమాలు నాటకం కావాలని ఆడాడు, సరే. ఈ మాట అనడానికి మాత్రం ఆయనకు ఆలోచన కూడా అక్కర్లేకపోయింది. అదే నా బాధ.

"అమీర్‌పేటల పోరగాండ్ల నడుములన్నీ నీకు యాదికుంటయి," అన్నాను. "పీట ఎక్కి వండిపెడుతున్న పెండ్లాం కొలత ఎన్నడన్న తీసినవా?"

ఆయన గ్లాసు కింద పెట్టాడు. ఆయన మెడలో టేపు ఎప్పుడూ ఉంటుంది, పెళ్లిళ్లకు పోయినా ఉంటుంది. దాన్ని తీసి, "చెయ్యి మడువు" అన్నాడు. మడిచాను. మోచేతి దగ్గర టేపు ఆనించి, ఆ రాతి దుమ్ములో మోకాలి మీద కూర్చుని నేల దాకా కొలిచాడు. వంటింట్లో చెప్పులుండవని గుర్తొచ్చినట్టుంది, చెప్పులు విడవమని మళ్లీ కొలిచాడు. గిరాకీలకు కూడా అంత జాగ్రత్తగా తీయడు.

లేచి, దుకాణం ఆయనకు కొలత చెప్పాడు. "గంతకు నాలుగు వేళ్లు కిందికి పెట్టియ్యి అన్నా. లెదర్ ఫినిషే ఎయ్యి." నా మొహం వైపు చూడలేదు.

ఇప్పుడా పీట బాల్కనీలో తులసి కుండీ కింద ఉంది. కొత్త గట్టు దగ్గర మొదటి రోజు అలవాటు కొద్దీ కాలు ఎత్తాను. ఎక్కడానికి అక్కడేమీ లేదు. ఒక్కదాన్నే నిలబడి నవ్వుకున్నాను.

మా ఆయన కొన్నాళ్లు దుకాణంలోనే తంటాలు పడ్డాడు. పోయిన ఆదివారం సంకలో గుడ్డ మూట, చేతిలో కత్తెరతో వచ్చి వంటింటి గడప అవతలే ఆగాడు.

"ఒక్క ప్యాంటే," అన్నాడు. "గట్టు మీద దుప్పటి ఏసుకొని కత్తిరించుకోనా?"

ఇన్నేళ్లలో ఆయన అడగడం అదే మొదలు. ఇంకోసారి వినాలనిపించి, "ఏందీ?" అన్నాను. మళ్లీ అడిగాడు.

"కత్తిరించుకో గని, ముందుగాల గీ ఉల్లిగడ్డలు కొయ్యి."

మూట కింద పెట్టి లోపలికొచ్చాడు. నా ఎత్తుకు వంగి, కళ్లు తుడుచుకుంటూ, ఉల్లిగడ్డలన్నీ కోశాడు.